ఆర్.ఎన్.ఏ.ను కొలిచిన కథ

మన పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికకు ప్రధానోపాధ్యాయినిగా ఒక చరిత్ర వ్యాసము వ్రాయవలసినదని సంపాదక వర్గము వారు నన్ను కోరినారు. పాఠశాల చరిత్రను నాకంటె బాగుగా ఎరిగిన పెద్దలు ఈ సంచికలోనే వ్రాయుచున్నారు. నేను విజ్ఞానశాస్త్రము బోధించినదానను. కావున మన పాఠశాల వయస్సుతో ఇంచుమించు సరితూగు మరియొక చరిత్రను చెప్పుటకు పాఠకుల అనుమతి కోరుచున్నాను. అది జీవకణములోని ఆర్.ఎన్.ఏ. అను పదార్థమును మానవుడు కొలువ నేర్చుకొన్న చరిత్ర. ఆ కథ మొదటి పుటలలోనే ఒక తెలుగువారి పేరు ఉన్నది. చివరి పుటలు నేటికిని పూర్తి కాలేదు.

ఈ విషయము మన ఊరికి దూరమైనది కాదు. 2020లో కరోనా మహమ్మారి కాలమున, సూరతు మగ్గాల మిల్లులలో పని చేయుచుండిన మన గంజాం జిల్లా కార్మికులు వేల సంఖ్యలో ఇల్లు చేరినారు. ముక్కునుండి దూదిపుల్లతో తీసిన నమూనాలను మన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాలలో పరీక్షించినారు. ఆర్.టి.పి.సి.ఆర్. అను ఆ పరీక్ష పేరు వీధిలో గోళీలాడు పిల్లవానికి కూడ నోటికి వచ్చినది. పాఠశాల మరల తెరచిన తరువాత పదవ తరగతి బాలిక ఒకతె లేచి, “టీచరు గారూ, కంటికి కనబడనిది ఎంత ఉందో ఎలా కొలుస్తారండీ?” అని అడిగినది. ఆ పరీక్ష వెదకినది వైరసు యొక్క ఆర్.ఎన్.ఏ.నే అని చెప్పి కూర్చుండబెట్టితిని. కాని ఆ ప్రశ్నకు సమాధానము ఒక్క పీరియడులో ముగియునది కాదు. నాడు చెప్పలేకపోయినది నేడు ఇక్కడ వ్రాయుచున్నాను.

మొదట ఒక్క మాట. జీవకణములో వంశపారంపర్య సమాచారమంతయు డి.ఎన్.ఏ. యందు ఉండును. అది మన కార్యాలయములోని అసలు రికార్డు పుస్తకము వంటిది. గది దాటి బయటకు పోదు. ఏ పనికి ఏ పుట కావలెనో ఆ పుటకు నకలు తీయబడును. ఆ నకలే ఆర్.ఎన్.ఏ. కాలేయములోని కణమునకు, మెదడులోని కణమునకు అసలు పుస్తకము ఒక్కటే. తీయబడు నకళ్లు మాత్రము వేరు. కావున ఏ కణములో ఏ నకళ్లు ఎన్నెన్ని ఉన్నవో లెక్కింపగలిగినచో, ఆ కణము ఏ పనిలో ఉన్నదో, ఆరోగ్యముగా ఉన్నదో లేదో గ్రహింపవచ్చును. ఈ లెక్కనే శాస్త్రజ్ఞులు జన్యువుల అభివ్యక్తిని కొలుచుట అందురు.

నీలిరంగు కొలత

యెల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరములో జన్మించినారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవ పర్యాయము మద్రాసులో ఉత్తీర్ణులైనారు. ఈ సంగతిని ప్రతి సంవత్సరము పరీక్షా ఫలితములు వచ్చిన మరునాడు మా పిల్లలకు చెప్పుచుందును. మద్రాసు వైద్య కళాశాలలో చదివిన పిదప వారు అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయములో సైరస్ ఫిస్క్ అను శాస్త్రజ్ఞునితో కలిసి పని చేసినారు. 1925లో వారిరువురు దేహద్రవములలో భాస్వరము ఎంత ఉన్నదో కనుగొను పద్ధతిని ప్రకటించినారు.

ఆ పద్ధతి సులభమైనది. నమూనాకు ఆమ్లమును, అమ్మోనియం మాలిబ్డేటును చేర్చినచో అందలి భాస్వరముతో ఒక సంయోగము ఏర్పడును. దానికి మరియొక రసాయనము చేర్చగా నీలిరంగు పుట్టును. భాస్వరము ఎంత హెచ్చైన రంగు అంత చిక్కన. భాస్వరము ఇంత అని ముందే తెలిసిన ద్రావణపు రంగుతో దీనిని పోల్చి చూచినచో పరిమాణము తేలును. మన ఊరి పట్టునేత వీధులలో అద్దకమెరిగిన వారు రెండు నూలు చిలపలను పక్కపక్కన పట్టి, ఒకదానిలో రంగు ఒక పాలు తక్కువైనదని చెప్పుదురు గదా! అదే చూపును సుబ్బారావు గారు గాజు నాళములోనికి తెచ్చినారు. ఈ కొలత చేతనుండుట వలననే 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో జీవకణమునకు శక్తినిచ్చు ఏ.టి.పి. వారికి దొరకినవి. ఏ.టి.పి.ని అదే కాలమున జర్మనీలో కార్ల్ లోమన్ కూడ విడిగా కనుగొన్నారు.

దీనికి ఆర్.ఎన్.ఏ.తో సంబంధమేమి? ఆర్.ఎన్.ఏ. ఒక గొలుసు. ఆ గొలుసులో నాలుగు విధములైన కడియములు ఉండును. వాటినే అక్షరములని కూడ అందురు. ప్రతి కడియమునకు ఒక భాస్వర పరమాణువు చొప్పున ఉండును. బరువులో నూటికి సుమారు తొమ్మిది పాళ్లు భాస్వరమే. కనుక భాస్వరమును కొలిచినచో ఆర్.ఎన్.ఏ.ను కొలిచినట్లే. 1945లో గెర్హార్డ్ ష్మిట్, సీగ్‌ఫ్రీడ్ థన్‌హౌజర్ అను ఇద్దరు, క్షారములో ఆర్.ఎన్.ఏ. చిన్న ముక్కలుగా విడిపోవుననియు, డి.ఎన్.ఏ. విడిపోదనియు ఆధారము చేసికొని రెంటిని వేరుపరచి, వాటి భాస్వరమును విడివిడిగా కొలుచు మార్గము చూపినారు. అట్టి పనిలో ఫిస్క్-సుబ్బారావు నీలిరంగు పద్ధతి పెక్కు సంవత్సరములు పరిశోధనశాలలలో వాడుకలో ఉన్నది.

మన తీరప్రాంతమును పీడించిన బోదకాలు వ్యాధికి వాడు డి.ఇ.సి. మందు కూడ 1947లో సుబ్బారావు గారి పరిశోధక బృందమునుండియే వెలువడినది. మరుసటి సంవత్సరము, 1948లో, స్వదేశమునకు తిరిగి రాకుండగనే వారు అమెరికాలో కన్నుమూసినారు.

అయితే నీలిరంగు కొలతకు ఒక హద్దు ఉన్నది. ఉదయము ప్రార్థనలో నిలిచిన పిల్లలు మొత్తము ఎందరో అది చెప్పగలదు. అందు ఎవరెవరు ఉన్నారో చెప్పలేదు. కణములోని ఆర్.ఎన్.ఏ. అంతయు కలిపి ఎంత అన్నది తెలిసినది. ఏ నకలు ఎంత అన్నది తెలియలేదు. మన పాఠశాల తలుపులు తెరచిన నాటికి లోకములోని స్థితి ఇది.

వ్యర్థమన్న మాట

1953లో డి.ఎన్.ఏ. యొక్క జంట మెలికల రూపము తెలిసినది. 1961లో, డి.ఎన్.ఏ. యందలి సమాచారమును మాంసకృత్తులు తయారగు స్థలమునకు మోసికొనిపోవు ఆర్.ఎన్.ఏ. ఒకటి ఉన్నదని రుజువైనది. దానికి సందేశవాహక ఆర్.ఎన్.ఏ. అని పేరు. అప్పటినుండి మేము చదివిన పుస్తకములలోను, మేము చెప్పిన పాఠములలోను ఒకే సూత్రము ఉండెడిది: డి.ఎన్.ఏ. ఆర్.ఎన్.ఏ.ను చేయును, ఆర్.ఎన్.ఏ. మాంసకృత్తును చేయును. మాంసకృత్తును చేయుటకు తోడ్పడని భాగములకు ఆ సూత్రములో చోటు లేదు. 1972లో సుసుము ఓనో అను శాస్త్రజ్ఞుడు జన్యు సంపదలో అధిక భాగమును వ్యర్థ డి.ఎన్.ఏ. అని పేర్కొన్నాడు. ఆయన వాదమునకు ఆయన కారణములు ఆయనకు ఉన్నవి. కాని ఆ మాట ఆయన ఉద్దేశించిన దానికంటె ఎక్కువ దూరము పోయినది. 2003లో మానవ జన్యు పటము పూర్తియైన పిదప మాంసకృత్తులను నిర్దేశించు జన్యువులు సుమారు 20,000 మాత్రమేననియు, వాటిలోని సంకేత భాగము మొత్తము డి.ఎన్.ఏ.లో నూటికి రెండు పాళ్లు కూడ లేదనియు స్పష్టమైనది. మిగిలిన తొంబది ఎనిమిది పాళ్ల మాట ఏమి?

ఆ ప్రశ్నకు ఒక తొలి ఆనవాలు మన దేశములోనే కనబడినది. 1970లో సుభాష్ చంద్ర లఖోటియా గారు కలకత్తాలో తమ ఆచార్యులతో కలిసి, పండు ఈగ లార్వాలకు బెంజమైడ్ అను రసాయనము తగిలించినప్పుడు వాటి క్రోమోజోములపై 93డి అను ఒకేఒక చోటు ఉబ్బుట గమనించినారు. ఉబ్బిన చోట ఆర్.ఎన్.ఏ. విశేషముగా తయారగును. ఎంత తయారైనదో తెలిసికొనుటకు ఆ కాలమున రేడియోధార్మిక పదార్థమును ఈగకు అందించి, ఫిల్మ్ లేపనము మీద పడిన నల్లని చుక్కలను సూక్ష్మదర్శినిలో చూచి లెక్కించెడివారు. అక్కడ ఇంత ఆర్.ఎన్.ఏ. పుట్టుచున్నను దానినుండి చెప్పుకోదగిన మాంసకృత్తు రాదని పిమ్మట తెలిసినది. లఖోటియా గారు కాశీ హిందూ విశ్వవిద్యాలయములో దశాబ్దముల తరబడి ఈ ఒక్క చోటును విడువక పరిశోధించినారు. ఫలితము లేదనిపించు చోటిని విడువకుండుట కూడ ఒక గొప్ప గుణము.

1990లో ఎలుకలో హెచ్ 19 అను ఆర్.ఎన్.ఏ., 1991లో స్త్రీల కణములలో ఎక్సిస్ట్ అను ఆర్.ఎన్.ఏ. వెలుగులోనికి వచ్చినవి. స్త్రీకి ఎక్స్ క్రోమోజోములు రెండు. వాటిలో ఒకటి నిద్రింపవలెను. సుమారు 17,000 అక్షరముల పొడవుగల ఎక్సిస్ట్ ఆ రెండవ క్రోమోజోమును దుప్పటివలె కప్పి దాని పని ఆపించును. మాంసకృత్తు ఒక్కటి కూడ చేయకుండగనే ఒక క్రోమోజోమునంతటిని నిద్రపుచ్చు ఆర్.ఎన్.ఏ.ను వ్యర్థమని ఎట్లందుము? రెండు వందల అక్షరములకు మించిన పొడవు ఉండి, మాంసకృత్తుకు సంకేతము కానట్టి వీటిని దీర్ఘ సంకేతరహిత ఆర్.ఎన్.ఏ.లు అని పిలువసాగినారు.

ఒకేసారి వేలాది కొలతలు

ఒక్కొక్క ఆర్.ఎన్.ఏ.ను పేరు పెట్టి పిలిచి కొలుచు విద్య 1977లో వచ్చినది. అమెరికాలో జేమ్స్ ఆల్విన్, డేవిడ్ కెంప్, జార్జ్ స్టార్క్ అనువారు ఆర్.ఎన్.ఏ.లను పొడవును బట్టి వేరుపరచి, ప్రత్యేకమైన కాగితము మీదికి ఎక్కించి, జోడు కుదురు డి.ఎన్.ఏ. ముక్కతో గుర్తించినారు. దీనికి నార్తరన్ బ్లాట్ అని పేరు. కాని ఒక దినమున ఒకటి రెండు ఆర్.ఎన్.ఏ.లకంటె ఎక్కువ చూచుట కష్టము. పైగా ఏది వెదకవలెనో ముందుగా తెలిసి ఉండవలెను.

1995లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో ఒక చిన్న గాజు పలక మీద ఒక మొక్కకు చెందిన 45 జన్యువుల చుక్కలు పెట్టి, అన్నిటిని ఒకేసారి కొలిచినారు. దీనినే మైక్రోఅరే అందురు. కొలది కాలములోనే ఒక పలక మీద వేల చుక్కలు పట్టినవి. 2007లో అదే విశ్వవిద్యాలయములో జాన్ రిన్, హోవర్డ్ చాంగ్ మొదలగువారు, తెలిసిన జన్యువులకు మాత్రమే కాక, వాటి నడుమనున్న ఖాళీ అనుకొన్న చోట్లకు కూడ చుక్కలు పెట్టి చూచినారు. ఆ ఖాళీలనుండియే హోటేర్ అను దీర్ఘ సంకేతరహిత ఆర్.ఎన్.ఏ. బయటపడినది. రొమ్ము క్యాన్సరు కణితులలో దీని మోతాదు హెచ్చుటకు, వ్యాధి ఇతర అవయవములకు ప్రాకుటకు సంబంధమున్నదని 2010లో తెలిసినది.

పలక మీద చుక్క లేనిది పలకకు కనబడదు. ఆ లోపమును 2008లో వచ్చిన ఆర్.ఎన్.ఏ. సీక్వెన్సింగ్ తీర్చినది. ఇందు ముందుగా దేనిని వెదకవలెనో నిర్ణయింప పనిలేదు. కణములోని ఆర్.ఎన్.ఏ.లను చిన్న ముక్కలు చేసి, వాటిని డి.ఎన్.ఏ.గా మార్చి, కోట్లకొలది ముక్కల అక్షరక్రమమును యంత్రముతో చదివి, ఏ ముక్క అసలు పుస్తకములో ఏ పుటకు చెందినదో కంప్యూటరుతో సరిచూచి, లెక్కింతురు. ఆ సంవత్సరము ఈ పద్ధతితో ఈస్టు జన్యు సంపదను పరిశీలించి యేల్ విశ్వవిద్యాలయము వారు సైన్స్ పత్రికలో ప్రకటించిన పత్రమునకు ప్రథమ రచయిత్రి ఉగ్రప్ప నాగలక్ష్మి. పునరుక్తులు కాని డి.ఎన్.ఏ.లో నూటికి 74.5 పాళ్లకు నకళ్లు తీయబడుచున్నవని వారు కనుగొన్నారు. మానవ కణములపై జరిగిన ఎన్‌కోడ్ అను అంతర్జాతీయ కృషి కూడ 2012లో, ఏదో ఒక కణములో నకలు తీయబడు భాగము ఇంచుమించు మూడు వంతులని తేల్చినది. నేటి పట్టికలలో మానవ దీర్ఘ సంకేతరహిత ఆర్.ఎన్.ఏ. జన్యువుల సంఖ్య మాంసకృత్తుల జన్యువుల సంఖ్యకు తీసిపోదు.

హాజరు వేరు, చదువు వేరు

ఇంత చెప్పిన పిదప, వ్యర్థమన్నదంతయు అమూల్యమని తేలినదని పాఠకులు అనుకొనరాదు. ఉపాధ్యాయినిగా ఈ మాట చెప్పుట నా విధి. హాజరు పట్టీలో పేరు ఉన్నంత మాత్రమున పిల్లవాడు పాఠము నేర్చినాడని కాదు. అట్లే నకలు తీయబడినంత మాత్రమున ఆ నకలుకు పని ఉన్నదని కాదు. 2012 నాటి ఫలితములను చూచి జన్యు సంపదలో ఎనుబది పాళ్లు పనికివచ్చునదే అని కొందరు అన్నప్పుడు, ఇతర శాస్త్రజ్ఞులు గట్టిగా ఆక్షేపించినారు. వేల సంఖ్యలో గుర్తింపబడిన ఈ ఆర్.ఎన్.ఏ.లలో పని రుజువైనవి కొన్ని మాత్రమే. ఒక్కొక్కదానిని తొలగించి చూచి, మార్చి చూచి, పని తేల్చవలసి ఉన్నది.

కొలతలోను చిక్కులు కలవు. కణములోని మొత్తము ఆర్.ఎన్.ఏ.లో నూటికి ఎనుబది పాళ్లకు పైగా రైబోసోములదే. దానిని ముందుగా తీసివేయనిచో యంత్రము చదివినదే చదువుచుండును. దీర్ఘ సంకేతరహిత ఆర్.ఎన్.ఏ.ల మోతాదు సందేశవాహకములలో సగటున పదవ వంతు ప్రాంతమున ఉండును. కావున ఎక్కువ ముక్కలను చదివిన గాని అవి లెక్కకు రావు. కొన్ని ఒక్క అవయవములోనే, ఒక్క దశలోనే కనబడును. కొన్ని మరియొక జన్యువునకు ఎదురు పేట మీద పుట్టును. ఏ పేటదో గుర్తింపనిచో ఒకరి హాజరు మరియొకరికి పడును. పొడవైన ఆర్.ఎన్.ఏ. నుండి ముక్కలు ఎక్కువ వచ్చును గనుక పొడవుతో భాగింపవలెను. మొత్తము చదివిన ముక్కల సంఖ్యతో కూడ భాగింపవలెను. ఆరు సెక్షన్ల తరగతిని, ఒకే సెక్షను గల తరగతిని ఉత్తీర్ణుల సంఖ్యతో పోల్చరాదు, శాతముతో పోల్చవలెనని మేము చెప్పునది ఇదే. ఇన్ని జాగ్రత్తల పిదప, ముఖ్యమైన ఫలితమును ఆర్.టి.పి.సి.ఆర్. పద్ధతితో మరల సరిచూతురు.

ఇట్టి కొలతలు రోగి వరకు కూడ చేరినవి. ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సరు విషయములో మూత్రమునందలి పి.సి.ఏ. 3 అను దీర్ఘ సంకేతరహిత ఆర్.ఎన్.ఏ.ను కొలుచు పరీక్షను 2012లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆమోదించినది. అక్కడ కూడ పి.సి.ఏ. 3ను ఒంటిగా లెక్కింపక, అదే గ్రంథినుండి వచ్చు మరియొక ఆర్.ఎన్.ఏ.తో నిష్పత్తి కట్టుదురు. సుబ్బారావు గారు తెలిసిన రంగుతో తెలియని రంగును పోల్చినట్లే ఇది. యంత్రములు మారినవి, పోల్చి చూచుట మారలేదు.

మన ఊరిలో 2016లో భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఏర్పడినది. జీవశాస్త్ర పరిశోధన నేర్చుటకు మా పిల్లలు సముద్రములు దాటవలసిన పని లేదు. లౌడిగాం వరకు పోయిన చాలును.

మన రిజిస్టర్ల మాట

ఇప్పుడు నా స్వంత లెక్క ఒకటి అప్పగింపవలసి ఉన్నది.

ఉద్యోగములో చేరిన తొలి సంవత్సరములలో, తొమ్మిదవ తరగతి చదువుచుండిన ఒక నేతవారి బాలిక ప్రోగ్రెసు కార్డులో “సైన్సుకు పనికిరాదు” అని వ్రాసితిని. ఆమె మూడు పరీక్షలలో నేను ఇచ్చిన ప్రశ్నలకు సరియైన సమాధానములు వ్రాయలేదు. నేను కొలిచినది అంతమాత్రమే. మరుసటి సంవత్సరము ఆమె బడి మానినది. చాల ఏండ్లకు, ఠాకురాణి యాత్ర రాత్రి జనసమ్మర్దములో ఒక స్త్రీ నా చేయి పట్టుకొని, తన కుమార్తెను చూపి, “దీన్ని మన బడిలోనే వేస్తానండి, టీచరు గారూ. దీని కార్డు మీద మాత్రం ఆ మాట రాయకండి” అన్నది. కోపముతో అనలేదు. నవ్వుచునే అన్నది. ఆమె నేడు మగ్గము మీద అంచు పోగులను పుస్తకము చూడకుండ లెక్కించి బుటా దించుననియు, ఒక్క పోగు తప్పదనియు ఆమె వెంట వచ్చినవారు చెప్పినారు. ఆ లెక్క నా ప్రశ్నపత్రములో లేదు. నా పలక మీద ఆ చుక్క లేదు.

ఆ బాలిక గొప్ప శాస్త్రజ్ఞురాలు అయి ఉండెడిదని నేను చెప్పలేను. అట్లు చెప్పుట కూడ కొలవకుండ వ్రాయుటయే అగును. “నా కొలతకు అందలేదు” అని వ్రాయవలసిన చోట “పనికిరాదు” అని వ్రాసితిని. ఆ రెండు మాటల నడుమ ఒక పిల్ల చదువు పోయినది.

1936లో ఒడిశా రాష్ట్రము ఏర్పడి గంజాం అందు చేరిన నాటినుండి ఈ ఊరి తెలుగు పిల్లలు రెండు భాషల నడుమ పెరుగుచున్నారు. తెలుగు మాధ్యమము వలన ప్రయోజనమేమని అడుగువారు ఏటేట పెరుగుచున్నారు. వారికి నా మనవి ఒక్కటే. ముందు కొలువుడు, సరియైన కొలతతో కొలువుడు, పిదప తీర్పు చెప్పుడు.

ఈ సంచిక చివర ఉత్తీర్ణులైన విద్యార్థుల పట్టికలు, ప్రథమ శ్రేణి పొందినవారి ఛాయాచిత్రములు ఉన్నవి. చూచి ఆనందించితిని. కాని కార్యాలయము బీరువాలో డెబ్బది ఐదు సంవత్సరముల ప్రవేశ రిజిస్టర్లు ఉన్నవి. వాటిలో ఈ పట్టికలకు ఎక్కని పేర్లు ఎన్నియో ఉన్నవి. నడుమ బడి మానినవారు, తప్పినవారు, మగ్గమునకో, అంగడికో, సూరతు రైలుకో పోయినవారు. ఈ జూబిలీ సంవత్సరము ముగియులోపల ఆ రిజిస్టర్లలోని పేర్లన్నియు మా పిల్లలచేత ఒక కొత్త పుస్తకములోనికి ఎక్కించుటకు నిశ్చయించితిని. పాఠకులలో అట్టివారు ఉన్నచో, లేదా అట్టివారిని ఎరిగినచో, పాఠశాలకు వచ్చి తమ పేరు సరిచూచుకొని, ఇప్పుడు తాము చేయుచున్న పని ఏమో ఆ పేరు ప్రక్కన తమ చేతితో వ్రాయవలసినదిగా సవినయముగా ప్రార్థించుచున్నాను. ఆ గడి ఖాళీగా ఉంచితిని. మీరు వచ్చి వ్రాయువరకు అందు నేనేమియు వ్రాయను.